ఎర్ర రంగు స్క్రీన్ అంతా పాకిపోతోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: ఐబీఎం ఏఎస్/400 కంప్యూటర్‌లో ఇన్నాళ్లూ డీడీఎస్‌తోనే, అంటే ఏ ఫీల్డు ఎక్కడుండాలో రాసిచ్చే భాషతోనే, స్క్రీన్లు చేశాను, మొదటిసారి 5250 డేటా స్ట్రీమ్, అంటే టెర్మినల్‌కి వెళ్లే బైట్ల వరస, నేనే పేర్చి పంపుతున్నా. 5వ వరసలో 8వ కాలమ్ నుంచి 5 అంకెల మొత్తం ఎర్రగా చూపిద్దామనుకున్నా. 13వ కాలమ్‌లో మొదలయ్యే డేట్ అన్న మాటలో మొదటి అక్షరం ఎగిరిపోయింది, మిగతాది ఎర్రబడింది, ఆ ఎరుపు కింది వరసల్లోకీ దిగింది. పైగా కీబోర్డ్ లాక్ అయిపోయి ఏ కీ పనిచెయ్యట్లేదు. ఎక్కడ తప్పు?

జవాబు: మీరు 11 05 08 28 (ఈ బైట్లన్నీ హెక్స్‌లో, అంటే 16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో) పంపి వెంటనే అంకెలు పెట్టి ఉంటారు. 11 అంటే ఇక్కడికి వెళ్లు, తర్వాతవి వరస, కాలమ్, 28 ఎరుపు. అసలు విషయం ఏంటంటే ఈ టెర్మినల్‌లో రంగు అక్షరానికి అతుక్కుని ఉండదు, అదే ఒక గడి తీసుకుని ఖాళీగా కనిపిస్తూ కూర్చుంటుంది. అంటే మీ 8వ కాలమ్‌లో ఎరుపు కూర్చుంది, అంకెలు 9 నుంచి 13 దాకా జరిగాయి, ఆ 13వ గడిలోదే పోయిన అక్షరం. ఇంకో ఆట్రిబ్యూట్, అంటే ఇలాంటి రంగు బైటు, తగిలేదాకా ఆ ఎరుపు వరస దాటి కూడా పోతూనే ఉంటుంది. డీడీఎస్ అయితే ఈ గడుల్ని తనే చూసుకునేది, ఫీల్డులు ఒకదాని మీదొకటి పడితే కంపైల్ లిస్టింగ్‌లో చెప్పేది కూడా, అందుకే మీకు ఇన్నాళ్లూ ఇది తెలియలేదు.

కాబట్టి 5 అంకెలకి 7 గడులు లెక్కేసుకోండి. 11 05 07 28, అంకెలు, చివర 20, అంటే మామూలు ఆకుపచ్చ. ఆ 20 వచ్చి 13లో కూర్చుంటుంది కనక డేట్‌ని 14కి జరపండి, 7వ గడిలో ముందే ఏమీ లేకుండా చూసుకోండి. అంకెలు ఎబ్సిడిక్‌లోనే, అంటే ఐబీఎం వాడే అక్షరాల కోడ్‌లోనే, ఉండాలి, 1కి హెక్స్‌లో ఎఫ్1, మామూలు పీసీల కోడ్ ఆస్కీలోని 31 పంపితే కుదరదు.

కీబోర్డ్ సంగతి చిన్నదే. స్క్రీన్ మీద రాసే కమాండ్ 04 11 తర్వాత రెండు కంట్రోల్ బైట్లు ఉంటాయి, రెండోదాంట్లో 08 బిట్ పెడితేనే లాక్ తీస్తుంది. మీది రెండూ సున్నాలు అయుంటాయి, 04 11 00 08 పెట్టి చూడండి.

ఒక్క మాట, ఇలా చేతితో పేర్చడం నాకు చాలా ఇష్టం, స్క్రీన్ మీది 1920 గడుల్లో ఏది ఎందుకుందో కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది, కానీ ఎంట్రీ స్క్రీన్లకి డీడీఎస్ వదలకండి. కాలమ్స్ ఎన్నో రన్ అయ్యేటప్పుడే తెలిసే చోటే దీన్ని వాడండి, అక్కడ కూడా ముందు డైనమిక్ స్క్రీన్ మేనేజర్ ఏపీఐలు (సిస్టమ్‌లోనే ఉండే రెడీమేడ్ ఫంక్షన్లు), క్యూఎస్ఎన్‌తో మొదలయ్యేవి, చూడండి, బైట్లు అవే పేరుస్తాయి. గడుల లెక్క మాత్రం అక్కడా మీదే.