ఆయిల్ సీల్ కొట్టే ముందు

అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

కారు గేర్‌బాక్స్ దించావట. ఫ్లైవీల్ వెనక క్రాంక్ సీల్ (ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రింగు) కొత్తది ఎక్కించడానికి టూల్ కొనాలా, చేతికి దొరికినదాంతో కొట్టేయొచ్చా అని అడుగుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది.

బైక్ చైన్ స్ప్రాకెట్ దగ్గరి చిన్న సీల్ అయితే నేనూ టూల్ జోలికి పోను. షాఫ్ట్ బయటికి ఉంటుంది కాబట్టి అంచు సమంగా కోసిన పైపు ముక్క చాలు. పైపు సీల్ బయటి అంచు మీదే కూర్చోవాలి. లోపలికి జరిగితే దెబ్బ లిప్ మీద, అంటే షాఫ్ట్‌ని పట్టుకుని ఉండే మెత్తటి లోపలి అంచు మీద పడుతుంది. ఓరగా దిగిన సీల్‌ని మాత్రం సరిచేసి వాడకు, కొత్తది తెచ్చుకో.

క్రాంక్ వెనక సీల్ సంగతి వేరు. పని నేర్చుకునే రోజుల్లో అలాంటిదాన్ని చుట్టూ సుత్తితో తట్టుకుంటూ దించాను. పైకి చక్కగానే కనిపించింది. రెండు వారాలకే క్లచ్ జారుతోందని బండి తిరిగొచ్చింది. మళ్ళీ అంతా దించి చూస్తే, లిప్ వెనక దారంలా సన్నగా ఉండే స్ప్రింగ్ ఒకచోట గాడి తప్పి బయటికొచ్చి ఉంది. లిప్‌ను షాఫ్ట్‌కి అదిమి ఉంచేది ఆ స్ప్రింగే. క్లచ్ ప్లేటు ఆయిల్ పీల్చేసింది. ఆ ఖర్చంతా మా మేస్త్రి భరించాడు, నన్నొక్క మాట అనలేదు. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

అందుకే ఈ ఒక్క పనికి సీల్ డ్రైవర్, అదే సీల్‌ని చుట్టూ సమంగా నొక్కి దించే టూల్, తెచ్చుకో. కొనక్కర్లేదు, తెలిసిన షెడ్డులో ఒక పూటకి అడుగు. రబ్బరు లిప్ అయితే ఇంజిన్ ఆయిల్ రాసి ఎక్కించు. స్ప్రింగ్ లేని టెఫ్లాన్ లిప్ అయితే ఆయిల్, గ్రీజు ఏదీ తగలకూడదు. షాఫ్ట్ తుడిచి, సీల్‌తో వచ్చిన ప్లాస్టిక్ రింగు మీదుగా పొడిగానే జరపాలి.

పాతది తీయకముందే అది ఎంత లోతులో ఉందో వెర్నియర్‌తో కొలిచి రాసుకో. తీసేటప్పుడు స్క్రూడ్రైవర్ మొన క్రాంక్‌కి తగలనీకు. అక్కడ గీత పడితే ఎన్ని సీళ్ళు మార్చినా కారుతూనే ఉంటుంది. తీశాక షాఫ్ట్ మీద గోరు పెట్టి లాగి చూడు. గోరు ఆగేంత గాడి ఉంటే ఏమీ ఎక్కించకు, నాకు ఫోన్ చెయ్యి.

ఇంజిన్ లోపలి ఒత్తిడిని బయటికి వదిలే బ్రీదర్ పైపు పూడుకుపోయిందేమో కూడా చూడు. లోపల ఒత్తిడి పెరిగితే మంచి సీల్ కూడా ఆయిల్ కక్కుతుంది. పాత సీల్ పారేయకు. దాని మీద 80 100 8 లాంటి అంకెలుంటాయి: షాఫ్ట్ వ్యాసం, బోర్ (సీల్ కూర్చునే రంధ్రం) వ్యాసం, సీల్ మందం, అన్నీ మిల్లీమీటర్లలో. షాపుకి దాన్నే పట్టుకెళ్ళు.

మీ మామయ్య