గాలం కబుర్లు: తొలి ఫ్లై రాడ్డు కొనేవారికి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫ్లై ఫిషింగ్ గురించే. అన్నిటిలోనూ బరువుగా వినిపించింది ఒకే మాట: చేతిలో డబ్బు తక్కువ, దుకాణంలో సామాను ఎక్కువ. అందుకే మిగతా ఉత్తరాలను పక్కన పెట్టి ఈసారి శీర్షిక అంతా దానికే కేటాయిస్తున్నాను.

*చిన్నప్పటి నుంచి వానపాము గుచ్చి గాలం వేస్తున్నాను. ఇప్పుడు ఫ్లై ఫిషింగ్ మీదకు మనసు మళ్లింది. దుకాణానికి వెళ్తే రాడ్ల మీద 3, 5, 8 అని అంకెలు, లైను డబ్బాల మీద ‘డబ్ల్యూఎఫ్5ఎఫ్’ లాంటి రాతలు. ఏమీ కొనకుండానే తిరిగి వచ్చేశాను. దేనికి ఎంత ఖర్చు పెట్టాలో చెప్తారా?*

ఏమీ కొనకుండా వచ్చారు చూడండి, అక్కడే నాకంటే తెలివైనవారు అనిపించుకున్నారు.

మీరు ఇన్నాళ్లు వేసిన గాలంలో బరువు కొసన ఉంటుంది. సీసపు గుండు ముందు ఎగిరిపోతే సన్నటి దారం దాని వెంట పరుగెత్తుతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఇది తలకిందులు. కొసన ఉన్నది ‘ఫ్లై’, అంటే పురుగులా కనిపించేలా కొక్కేనికి చుట్టిన చిటికెడు ఈక, కాస్త బొచ్చు. దాన్ని విసిరితే మీ కాళ్ల దగ్గరే పడుతుంది. అందుకని బరువును లైనులోనే పెట్టారు. మీరు విసిరేది లైనును, ఫ్లై దాని తోక పట్టుకుని వెళ్తుంది. రాడ్డు మీది అంకె ఆ రాడ్డు ఏ బరువు లైనుకు సరిపోతుందో చెప్తుంది. లైను ముందు భాగం 30 అడుగులు తూకం వేస్తే 5వ నంబరుది దాదాపు 9 గ్రాములు, 8వ నంబరుది పదమూడున్నర గ్రాముల పైన తూగుతుంది.

ఈ లెక్క తెలియక నేను ఒక సీజను పోగొట్టుకున్నాను. నా మొదటి రాడ్డు 5వ నంబరుది. లైను లావుగా ఉంటే దూరం పోతుందని చెప్పి దుకాణదారు 8వ నంబరు లైను ఎక్కించి ఇచ్చాడు. విసిరిన ప్రతిసారీ రాడ్డు నీళ్ల కావడిలా వంగిపోయేది, లైను నా ముందే కుప్పగా పడేది. తప్పు నా మణికట్టుదే అనుకుని నెలల తరబడి దాన్ని తిట్టుకున్నాను. కాబట్టి మొదటి సూత్రం: రాడ్డు అంకె, లైను అంకె ఒకటే ఉండాలి.

ఇక ఏ అంకె అన్నది మీ నీళ్లలోని చేపను బట్టి ఉంటుంది. చిన్న వాగులు, అరచేతిలో పట్టే చేపలు అయితే 3 లేదా 4. గాలి ఎక్కువగా వీచే పెద్ద చెరువు, బలమైన చేప, బరువైన ఫ్లై అయితే 7 లేదా 8. ఎటూ తేల్చుకోలేకపోతే 9 అడుగుల పొడవు, 5వ నంబరు, నాలుగు ముక్కల గ్రాఫైట్ రాడ్డు తీసుకోండి. వంగి మళ్లీ నిటారు కావడంలో మధ్యస్థ వేగం ఉన్నదే అడగండి. ‘ఫాస్ట్ యాక్షన్’ అని గొప్పగా అమ్మే బిరుసు రాడ్లు చెయ్యి తిరిగినవాళ్లకు బాగుంటాయి. కొత్త చేతికి రాడ్డు వంగడం తెలియాలి, లేకపోతే ఎప్పుడు ఆగాలో అర్థం కాదు.

‘డబ్ల్యూఎఫ్5ఎఫ్’లో భయపడేది ఏమీ లేదు. బరువు ముందు భాగంలో ఉన్న, 5వ నంబరు, నీటి మీద తేలే లైను అని దాని అర్థం. ‘డీటీ’ అని ఉంటే రెండు కొసలూ ఒకే తీరుగా సన్నబడిన లైను. ఒక కొస అరిగిపోయాక తిప్పి ఎక్కించుకోవచ్చు, అంటే ఒక లైను ధరకు రెండు లైన్ల ఆయుష్షు. ముప్ఫై, నలభై అడుగుల లోపు విసిరేవారికి దీనివల్ల పెద్దగా తేడా తెలియదు. పొదుపు చేసేవారికి ఇంతకంటే మంచి బేరం కనిపించదు. కాకపోతే రీలులో కాస్త ఎక్కువ చోటు పడుతుంది.

మీ దగ్గర ఉన్న డబ్బును పది వాటాలు చేయండి. రాడ్డుకు నాలుగు, లైనుకు మూడు, రీలుకు ఒకటిన్నర. మిగిలిన ఒకటిన్నర లీడరు (లైను కొసకు కట్టే, పోనుపోను సన్నబడే దారం), టిప్పెట్టు (లీడరు కొసకు కలిపే సన్న దారం), ఫ్లైలకు. లైనుకు మూడు వాటాలా అని మీరు ఆశ్చర్యపోతారని తెలుసు. చవక లైను చుట్టలు చుట్టలుగా పడుతుంది, లైను దూరి వెళ్లే రాడ్డు రింగుల్లో గరగరలాడుతుంది, నెల తిరగకుండానే మునగడం మొదలుపెడుతుంది. మామూలు రాడ్డు మీద మంచి లైను ఎక్కిస్తే చేపలు పడతాయి. ఖరీదైన రాడ్డు మీద చెత్త లైను ఎక్కిస్తే కోపం వస్తుంది.

రీలు దగ్గర మాత్రం నిర్మొహమాటంగా పిసినారితనం చూపించండి. చిన్న చేపను లాగేది ఎడమచేత్తో లైనును గుంజి, రీలుతో కాదు. అప్పుడు రీలు పని దారపు ఉండ పనే. చేప వంద అడుగులు పరుగెత్తే చోట, ముఖ్యంగా సముద్రపు నీళ్లలో, మంచి బ్రేకు ఉన్న రీలు కావాలి. మీ ఉత్తరం చూస్తే ఆ రోజు ఇంకా దూరంలో ఉంది.

*వాడిన రాడ్డు ఒకటి సగం ధరకు వస్తోంది. తీసుకోవచ్చా? ఏమేం చూడాలి?*

తప్పకుండా తీసుకోవచ్చు. నేను ఇప్పుడు వాడుతున్నది కూడా ఇంకొకరి చేతిలో నలిగినదే. కానీ అమ్మేవారు ‘ఒక్కసారే వాడాను’ అన్న మాటను విననట్టు ఉండి ఇలా చేయండి.

ముక్కలన్నీ విడదీసి బల్ల మీద పక్కపక్కనే పరవండి. నాలుగు ముక్కలూ ఇంచుమించు ఒకే పొడవు ఉండాలి. కొస ముక్క మాత్రం రెండు అంగుళాలు పొట్టిగా ఉందంటే అది ఎప్పుడో కారు తలుపులో పడి విరిగింది, ఎవరో కొత్త కొస రింగు అతికించారు. రాడ్డు పని చేస్తుంది గానీ కొస సున్నితం పోయి బెత్తంలా తయారై ఉంటుంది.

తర్వాత చిటికెడు దూదిని పుల్లకు చుట్టి ఒక్కొక్క రింగు లోపల తిప్పండి. అన్ని రింగుల్లోనూ జారిపోయి ఒక చోట పోగు చిక్కుకుందంటే అక్కడ కంటికి కనపడని గాడి ఉంది. ఆ గాడి మీ కొత్త లైను పైపొరను ప్రతి విసురుకూ గీరుతుంది. ఒక్క రింగే అయితే మార్పించుకోవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

ముక్కలు బిగించి, రాడ్డును చెవి దగ్గరగా పెట్టుకుని మెల్లగా ఊపండి. కటకటమని చప్పుడు వస్తే అతుకు వదులైంది. అతుకు గొట్టం మూతిని వెలుతురుకు పట్టి చూడండి, నిలువుగా వెంట్రుకంత చీలిక కనిపిస్తే డబ్బులు జేబులోనే ఉంచుకుని రండి. పిడిలో కార్కు ఊడి గుంటలు పడితే పట్టించుకోకండి, ముఖానికి మచ్చల్లాంటివి అవి.

రాడ్డుతో పాటు పాత లైను ‘ఉచితంగా’ ఇస్తారు. వేళ్ల మధ్య వంచి చూడండి, పైపొర పగిలి ఉంటే చెట్ల కొమ్మలు కట్టుకోవడానికి పనికొస్తుంది. ఇంకో సంగతి, చాలా కంపెనీల హామీ మొదటిసారి కొన్నవారికే వర్తిస్తుంది. విరిగితే మీదే భారం అనుకుని బేరం చేయండి.

*వేడర్లు (నీళ్లలో దిగడానికి వేసుకునే తడవని ప్యాంట్లు), చొక్కా మీద వేసుకునే జేబుల కోటు, వల, ఫ్లై పెట్టెలు అన్నీ కలిపి చూస్తే రాడ్డు కంటే ఎక్కువ అవుతోంది. ఇవన్నీ అవసరమా?*

అవసరం లేదు. కోటు వద్దు, నడుముకు కట్టే చిన్న సంచి చాలు. వెచ్చని రోజుల్లో పాత ప్యాంటుతోనే నీళ్లలోకి దిగండి. అయితే పాదాలకు జారని బూట్లు ఉండాలి. దారం కత్తిరించడానికి గోళ్లు తీసుకునే కట్టరు భేషుగ్గా పనికొస్తుంది. కొక్కెం ఊడదీయడానికి ఆసుపత్రుల్లో వాడేలాంటి పట్టుకారు ఒకటి కొనండి. దానితోనే కొక్కెం లోపలి ముల్లును నొక్కి పడేస్తే చేపకూ మంచిది, మీ చెవికీ మంచిది. వెనక్కి విసిరిన కొక్కెం ముందుకు వచ్చేటప్పుడు ఎవరి మొహమూ చూడదు. అందుకే టోపీ, పోలరైజ్డ్ కళ్లద్దాలు లేకుండా ఎవరినీ నీటి దగ్గరకు రానివ్వను. ఆ అద్దాలు నీటి మీది మెరుపును కోసేసి కింద ఉన్న చేపను చూపిస్తాయి కూడా.

*మా అమ్మాయికి పదకొండేళ్లు. నాతో పాటు నేర్చుకుంటానంటోంది. రెండు సెట్లు కొనే స్తోమత లేదండీ. ఏదైనా దారి ఉందా?*

ఉందమ్మా. జపాన్ కొండవాగుల్లో పుట్టిన ‘టెంకరా’ పద్ధతి మీ ఇద్దరి కోసమే ఉన్నట్టుంది. ఇందులో రీలు లేదు, రింగులు లేవు. ఒకదానిలో ఒకటి దూరే గొట్టాల రాడ్డు, తీస్తే పన్నెండు అడుగులు, మూస్తే సంచిలో పడుతుంది. కొసకు నేరుగా లైను, దానికి టిప్పెట్టు, ఫ్లై. అంతే. మీ అమ్మాయి మొదటి గంటలోనే ఫ్లైని అనుకున్న చోట దించగలదు, రీలు రాడ్డుతో మీకు మాత్రం వారాలు పడుతుంది. ఇంట్లో గొడవ రాకుండా చూసుకోండి.

దీనికి హద్దులూ ఉన్నాయి. దూరం విసరలేరు. పెద్ద చేప పడితే వదలడానికి అదనపు లైను ఉండదు. కాబట్టి చిన్న వాగులు, చిన్న చేపలకే. టిప్పెట్టు 5ఎక్స్ కంటే లావు కట్టకండి (ఈ అంకె సంగతి కింది జవాబులో ఉంది). చేప బలంగా లాగితే దారం తెగాలి తప్ప రాడ్డు కొస విరగకూడదు. గొట్టాలను లాగి తీసేటప్పుడు కొస సన్న ముక్కతో మొదలుపెట్టమనండి, మూసేటప్పుడు లావు ముక్కతో. తడిగా మూసి పెడితే పట్టేసుకుంటాయి.

*టిప్పెట్టు మీద 3ఎక్స్, 5ఎక్స్ అంటే ఏమిటి? అన్నీ ఒకేసారి కొనాలా? ఫ్లైలు ఎన్ని రకాలు ఉంటే చాలు? ముడులు మాటిమాటికీ ఊడిపోతున్నాయి.*

11లోంచి ఎక్స్ ముందున్న అంకె తీసేయండి, మిగిలింది అంగుళంలో వెయ్యో వంతుల్లో దారం మందం. 5ఎక్స్ అంటే 6 వంతులు, 3ఎక్స్ అంటే 8. అంకె పెరిగితే దారం సన్నబడుతుంది. ఫ్లై కొక్కెం సైజును మూడుతో భాగిస్తే ఇంచుమించు ఏ ఎక్స్ కావాలో వస్తుంది. 14వ సైజు ఫ్లైకి 5ఎక్స్. 9 అడుగుల 5ఎక్స్ లీడర్లు రెండు, 5ఎక్స్ టిప్పెట్టు చుట్ట ఒకటి, 3ఎక్స్ ఒకటి చాలు. లీడరు కురచ అయిన కొద్దీ టిప్పెట్టు కలుపుకుంటూ పోతే ఆ రెండూ చాలాకాలం వస్తాయి.

ఫ్లైలు ఐదు రకాలు, రకానికి మూడు. పైన తేలేవి ఆడమ్స్, ఎల్క్ హెయిర్ క్యాడిస్. మునిగేవి ఫెజెంట్ టెయిల్, హేర్స్ ఇయర్. ఇవి కాక ఊలీ బగ్గర్. ఆడమ్స్ 1922లో మిషిగన్‌లో లెన్ హాలడే కట్టినది, ఫలానా పురుగు అని చెప్పలేని బూడిద రంగుది. అందుకే సగం పురుగుల్లాగా కనిపిస్తుంది. ఫెజెంట్ టెయిల్‌ను ఇంగ్లండులో నది కాపరిగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ దారమే వాడకుండా ఈక పోగులు, రాగి తీగతో కట్టాడు. ఇది చదివి ‘నేనే కట్టుకుంటే మిగులుతుంది కదా’ అని సామాను కొనకండి. నా దగ్గర ఉన్న ఈకలు మూడు జన్మలకు సరిపోతాయి, మిగిలింది మాత్రం ఏమీ లేదు.

ముడి సంగతి. ఫ్లై పోయాక మిగిలిన దారం కొసను చూడండి. పంది తోకలా మెలికలు తిరిగి ఉంటే ముడి జారింది. తిన్నగా తెగి ఉంటే దారమే తెగింది. మీది మొదటిదే అయి ఉంటుంది. బిగించే ముందు ముడిని నోట్లో పెట్టుకుని ఉమ్మితో తడపండి, నెమ్మదిగా లాగండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ బలం పోతుంది.

*ఇంటి ముందు గడ్డిలో సాధన చేస్తున్నాను. వెనక్కి విసిరినప్పుడల్లా కొరడా ఝళిపించినట్టు చప్పుడు వస్తోంది. నాలుగు ఫ్లైలు కనిపించకుండా పోయాయి.*

ఆ చప్పుడుతోనే పోయాయండీ. లైను వెనక పూర్తిగా చాచుకోకముందే మీరు ముందుకు లాగుతున్నారు. మెడ తిప్పి వెనక్కి చూడండి, ఎవరూ నవ్వరు. లైను తిన్నగా అయ్యాకే ముందుకు రండి. సాధనకు ఫ్లై బదులు ఎర్ర ఊలు ముక్క కట్టండి. సిమెంటు నేల మీద మాత్రం వద్దు, లైను పైపొర అరిగిపోతుంది. ఇక ఆ నాలుగు ఫ్లైలు ఇంకా గడ్డిలోనే ఉన్నాయి. సాయంత్రం ఎవరైనా చెప్పులు లేకుండా నడిచేలోపు వెతికి తీయండి.