జేజినాయన పళ్లేలు

ప్రశ్న: మా జేజినాయన గుంతకల్లు రైల్వేలో పనిచేసేవారు. వేలంలో కొన్న పూల పళ్లేలు ఆరు అటక మీద దొరికాయి. వెనక ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంది. ఆ పూలు చేత్తో వేసినవేనా? వీటిలో తినొచ్చా?
– ఒక పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: ముందు ఆరింటినీ పక్కపక్కన పెట్టి చూడమ్మా. చేత్తో వేస్తే ఏ రెండు రేకులూ ఒకేలా ఉండవు. కుంచె ఎత్తిన చోట రంగు చిక్కగా ఆగుతుంది. గీత అచ్చుది, రంగు చేతిది అయినవీ బోలెడు. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని 1891లో అమెరికా నిబంధన పెట్టాక వెనక ‘ఇంగ్లండ్’ అని వేయడం మామూలైంది. ‘మేడ్ ఇన్’ కూడా ఉంటే చాలావరకు 20వ శతాబ్దపు సరుకే.

తినడం మాత్రం వద్దు. ఇది లోపల గుల్లగా ఉండే మట్టి, పైన గాజు పూత. పాత పూతల్లో సీసం వాడేవారు, పులుపు తగిలితే అది కూరలోకి దిగొచ్చు. కడపలో మా ఇంట్లో ఇంగ్లండ్‌లో పింగాణీకి పేరున్న స్టాఫర్డ్‌షైర్ నుంచి వచ్చిన ఓ గిన్నెలో చింతపండు పులుసు పోశాను. పూతలోని వెంట్రుకంత నెర్రెల్లోకి దిగిన మరక ఇప్పటికీ పోలేదు, మా ఆవిడ దెప్పుళ్లూ ఆగలేదు! బ్లీచింగ్ జోలికి పోకు, పూత పెచ్చులూడుతుంది. గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. పేర్చేటప్పుడు మధ్యలో కాగితం పెట్టు.