అమ్మాయి నక్షత్రాలంటోంది, ఇంజనీరింగ్‌లో చేర్చనా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. రెండెకరాల కొబ్బరి తోట ఉంది. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఖగోళ శాస్త్రవేత్తనవుతానంటోంది. రాత్రిళ్లు డాబా ఎక్కి, బైనాక్యులర్‌తో గురుగ్రహాన్ని చూస్తూ నోటు పుస్తకంలో చుక్కలు గీస్తుంది. ఇది నేల విడిచి సాము కాదా? ఇంజనీరింగ్‌లో చేర్చేయమంటారా?
– ఒక తండ్రి

జవాబు: ముందు ఆ నోటు పుస్తకం సంగతి. గురుగ్రహం పక్కన చుక్కలు రోజుకో చోట కనిపించడాన్ని 1610 జనవరిలో గెలీలియో కూడా ఇలాగే గీసి పెట్టుకున్నాడు. అవి దాని ఉపగ్రహాలని తేలింది ఆ గీతల వల్లనే. మార్కులు రాని పనిని ఎవరూ చెప్పకుండా రోజూ చేసే పిల్లలు నా దగ్గరకు అరుదుగా వస్తారండీ.

మీ భయం కొట్టిపారేసేది కాదు. ఐదేళ్ల చదువు, ఆపైన పీహెచ్‌డీకి మరో ఐదారేళ్లు. అంతా అయ్యాక ఉద్యోగం ఖాయమని నేనైతే రాసివ్వలేను. కానీ దారి మధ్యలో దిగిపోతే చేతిలో ఏం మిగులుతుందో ఇప్పుడే లెక్క వేయవచ్చు. గణితం, భౌతికశాస్త్రం, ప్రోగ్రామింగ్, కుప్పలకొద్దీ డేటాలోంచి పనికొచ్చేది ఏరే ఒడుపు. వాటితో సాఫ్ట్‌వేర్‌కైనా, వాతావరణ అంచనాల వైపైనా, కాలేజీలో పాఠాలు చెప్పడానికైనా వెళ్లవచ్చు. అందుకే ఇంజనీరింగ్ కాదు, ఆమె కోరిన సైన్స్ చదువులోనే చేర్చమంటున్నాను.

తిరుపతి, బరంపురంతో కలిపి దేశంలో ఏడు ఐసర్‌లు (సైన్స్ చదువుకు, పరిశోధనకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థలు) ఉన్నాయి. వాటిలో డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌కు ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి: మూడు గంటలు, 60 ప్రశ్నలు. అందులో 15 జీవశాస్త్రానివి. ఎంపీసీ పిల్లలు బోల్తా పడేది అక్కడే, కాబట్టి ఎన్‌సీఈఆర్‌టీ జీవశాస్త్రం పుస్తకాలు ఇప్పుడే కొనండి. ఖర్చు మాటకొస్తే, సైన్స్ చదివేవారికి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ దక్కితే ఏడాదికి 80 వేలు. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు.

తాటిచెట్టెక్కే గీత కార్మికుడు మోకు లేకుండా ఎక్కడు. అలాగే మీరూ, ఇంజనీరింగ్ సీటు కోసం ఈఏపీసెట్ కూడా రాయించండి. ఐసర్‌లో సీటు రాకపోతే కోచింగ్ పేరుతో ఏళ్లు పోగొట్టవద్దు. భౌతికశాస్త్రంతో డిగ్రీ చేసినా, ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష ఉంది.

ఈలోగా మీరూ ఒక రాత్రి డాబా ఎక్కి, ఆ చుక్కల్లో ఏది ఏమిటో అమ్మాయినే అడగండి. బైనాక్యులర్ చేతిలో ఊగితే అవి కనబడవు, పిట్టగోడకు ఆనించి చూడండి.