నాన్న గుంటలకే నోటీసిస్తావా?

ప్రశ్న: మాది అల్లూరు దగ్గర పల్లె. బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల్ని చూసినప్పటి నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదవాలని ఉంది. మాకు రొయ్యల గుంటలున్నాయి. "ఆ చదువు చదివి మన గుంటలకే నోటీసిస్తావా?" అంటున్నారు నాన్న. అసలు జనం ఈ ఫీల్డ్‌లోకి ఎందుకొస్తారు? పక్షులంటే ఇష్టం చాలదా?
- ఒక పాఠకురాలు

జవాబు: రావడానికి చాలమ్మా, ఉండటానికి చాలదు. ఇందులో ఉన్నవాళ్లను ఎవరిని కదిలించినా ఓ పక్షో, చెరువో, తాబేలో చెప్తారు. నాతో పనిచేసిన కనిగిరి ఆయన మాత్రం పక్షుల మాటే ఎత్తేవాడు కాదు. బోరు నీళ్లు తాగి గారపట్టిన పళ్లు, వంగిన నడుములు చూస్తూ పెరిగినవాడు, లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని చదివిన రోజే తన ఊరి నీళ్లలో ఎంతుందో కొలవాలనుకున్నాడట. ఇష్టంతో వచ్చినవాళ్లకంటే ఇలా కోపంతో వచ్చినవాళ్లే ఎక్కువకాలం నిలబడటం చూశాను.

పనంటే సీసాలు, లేబుళ్లు, ఎండ, ఫైళ్లు. నీకు సరిపడుతుందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. లెక్చరర్‌ని అడిగి మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ ద్రావణాలు తెచ్చుకో (రెండోది చేతిని కాలుస్తుంది, గ్లౌజులు మర్చిపోకు). తెల్లవారుజామున నాన్నతో గట్టు మీదికెళ్లి, బుడగ లేకుండా సీసా నిండా నీళ్లు పట్టి, రెండూ కాస్త కాస్త వేసి, మూత బిగించి తలకిందులు చెయ్. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉండిపోతే రొయ్య పైకి తేలే టైమైనట్టు. చీకట్లో నాచు ఆక్సిజన్ ఇవ్వదు సరికదా తనూ తాగేస్తుంది, అందుకే ఆ వేళకు నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లను నాన్న ఆ టైములో ఎందుకు ఆపరో అడుగు, ఇదే చెప్తారు, కాకపోతే ఫార్ములాలు ఉండవు.

ఆ రంగు చూడగానే నిద్రమత్తు వదిలిపోతే చేరిపో.

ఉద్యోగమంటే పొల్యూషన్ బోర్డు ఒక్కటే కాదు. కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ నోటిఫికేషన్ కిందికొచ్చే పెద్ద ప్రాజెక్టులకు ముందే పర్యావరణ అనుమతి కావాలి, దానికోసం ప్రాజెక్టు వల్ల చుట్టూ నీటికీ, గాలికీ ఏమవుతుందో చెప్పే రిపోర్టులు తయారుచేసే కన్సల్టెన్సీలకూ, ఫ్యాక్టరీ ల్యాబులకూ కెమిస్ట్రీ వాళ్లు కావాలి. మొదట్లో జీతం తక్కువే, దాచడమెందుకు.

ఇక నోటీసు సంగతి. పంట పట్టాక గుంట నీళ్లు ఎక్కడికి వదులుతున్నారో నాన్నను అడిగి చూడు. జవాబు చెప్పకుండా టాపిక్ మార్చారనుకో, నోటీసు అప్పుడే ఇచ్చేసినట్టు.