కాగితపు పొరల్లో లోతు ఎలా వస్తుంది?

ప్రశ్న: అరచేతిలో ఇమిడే పెట్టెలో కాగితపు పొరలతో పాపికొండల దృశ్యం చేస్తున్నాను. ఏడు పొరలు పేర్చినా లోతు కనిపించడం లేదు. పైగా కొన్నాళ్లకే పొరలు వంగిపోతున్నాయి. పొరల సంఖ్య పెంచాలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పెంచనక్కర్లేదు. లోతు పొరల సంఖ్య వల్ల కాదు, వాటి మధ్య ఎడం వల్ల, ముందు పొర వెనుకదాన్ని ఎంత దాచి ఎంత చూపిస్తుందన్నదాని వల్ల వస్తుంది. 18వ శతాబ్దంలో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో మార్టిన్ ఎంగెల్‌బ్రెక్ట్ రాగిరేకులతో అచ్చువేసి, చేతితో రంగులద్ది, కత్తిరించిన కార్డులను పెట్టెలో ఒకదాని వెనుక ఒకటి నిలబెట్టి తోటలను, రాజభవనాలను చూపించే బొమ్మల సెట్లు ప్రచురించారు. వాటిలో సాధారణంగా ఉండేవి ఆరు నుంచి ఎనిమిది కార్డులే. ముందు కార్డుల నడుమ ఖాళీ వదిలి, చివరి కార్డును మాత్రం నిండుగా ఉంచడంతో చూపు తనంతట తానే లోపలికి సాగిపోతుంది.

మీ పెట్టెకు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల ఎడం చాలు; దానికి ఫోమ్‌బోర్డు ముక్కలు సరిపోతాయి. అన్ని ఎడాలూ సమానంగా ఉండాలన్న నియమమేమీ లేదు. ముందరి రెండు పొరల మధ్య కాస్త ఎక్కువ ఎడం ఇస్తే, చూసేవారు తల కదిల్చినప్పుడు పడవ వెనుక కొండ జరిగినట్టు అనిపిస్తుంది, నా దృష్టిలో ఈ కళలోని అసలు ఆనందం అదే. రంగుల విషయానికి వస్తే, గోదావరి మీద లాంచీలో వెళ్తున్నప్పుడు దూరపు కొండలు ఎలా లేతబడుతూ పోతాయో మీకు తెలిసిందే కనుక, ముదురు రంగులు ముందుకూ లేత రంగులు వెనక్కూ ఉంచండి.

పొరలు వంగడానికి కారణం చాలావరకు తేమే. నీళ్లు కలిసిన తెల్ల జిగురు తగిలిన చోట కాగితం ఉబ్బి, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. కాబట్టి రెండువైపులా అంటుకునే టేపు వాడండి. 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువుండే) దళసరి కాగితం తీసుకుని, కత్తిరించే ముందు రెండు దిశల్లోనూ మెల్లగా వంచి చూడండి. ఏ దిశలో సులువుగా వంగుతుందో దాన్నిబట్టి పీచు వాలు, అంటే కాగితంలోని పీచులు ఏ దిశలో సాగాయో, తెలుస్తుంది. అన్ని పొరల్లోనూ ఆ వాలు ఒకే వైపు ఉండేలా చూసుకుంటే, తేమకు సాగినా అన్నీ ఒకేలా సాగుతాయి.

కత్తిరించేటప్పుడు లోపలి చిన్న రంధ్రాలతో మొదలుపెట్టి, బయటి అంచును చివరకు వదలండి. అంచు ముందే తెగితే పట్టు పోయి, సన్నని కొమ్మలు బ్లేడుతో పాటే లేచి చిరిగిపోతాయి.