ఉద్యోగం మానేసి ఊరొచ్చేస్తానన్న మా మేనల్లుడికి

అబ్బాయ్,

రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ విన్నాక నాకు నిద్ర పట్టలా. బెంగుళూర్లో ఊపిరాడట్లేదు అత్తా, ఉద్యోగం మానేసి వచ్చి నాన్నతో పాటు మిరప వేస్తా అన్నావు. ఊరి మీద బెంగ పెట్టుకున్నందుకు నిన్ను తిట్టను, పుట్టి పెరిగిన చోటు మీద బెంగ లేనోడు ఉంటాడా. కానీ ఒకటి అడుగుతా, నీకు గుర్తొచ్చేది ఏ నెల?

నాకు తెలుసు, సంక్రాంతే. అప్పటికి చేను ఎర్రగా పండి ఉంటది, మీ అమ్మ అరిసెలు చేస్తా ఉంటది, నువ్వు సెలవులకి వచ్చినప్పుడల్లా చూసింది అదే. ఆగస్టులో సాగర్ కాలవకి నీళ్ళు ఎప్పుడు వదుల్తారా అని మీ నాన్న రోజూ ఫోన్లో డ్యామ్ మట్టం చూసుకోటం నువ్వు చూళ్ళా. పూత టైములో పొద్దున్నే చేలోకెళ్ళి ఒక పువ్వు కోసి అరచేతిలో దులిపితే సూదిమొనంత నల్ల పురుగులు పాకతా ఉంటయ్, అది చూడగానే కడుపులో ఎట్టుంటదో మాటల్లో చెప్పలేను. 2021 చివర్లో ఆ నల్ల తామర పురుగు వచ్చినప్పుడు ఏ మందు కొట్టినా ఆగక, పూత మొత్తం రాలిపోయి, మన పల్నాడులో ఎంతమంది చేను పీకి దున్నేశారో నీకు వార్తల్లో కూడా సరిగ్గా రాలేదేమో. 2023లో సాగర్ నిండలా, బోర్లు పెట్టి ఎట్టాగో బతికించుకున్న చేను మీదకి డిసెంబర్లో మిచాంగ్ తుఫాను వచ్చింది. మీ మావయ్య పోయినకాడ్నుంచి నా పొలం నేనే చేయించుకుంటున్నా కాబట్టి చెప్తున్నా, మన కష్టంతో సంబంధం లేకుండా పోయే సంవత్సరాలు ఉంటయ్ రా.

పోనీ పండింది అనుకో, లెక్క చూడు. కౌలు, నారు, మందులు, కోత కూలీ అన్నీ కలిపి ఎకరానికి మూడు లక్షల దాకా అవుద్ది. ఇరవై క్వింటాళ్ళు పండితే క్వింటా 15,000 అమ్మితే పెట్టుబడి మాత్రం వస్తది, మన ఒంటి కష్టం దాంట్లో లేదు. 2025లో రేటు ఎంత పడిపోయిందంటే కేంద్రం కలగజేసుకుని క్వింటాకి 11,781 ధర ప్రకటించాల్సొచ్చింది. ఆ ధర వచ్చినా ఎకరానికి అరవై వేలు పైన నష్టం, అదీ బాగా పండినోడికి. తాలు కాయ, అంటే రంగు పోయి తెల్లబడిన కాయ, ఎక్కువొచ్చినోడి సంగతి వేరే చెప్పాలా. సొంత పొలమైతే కౌలు మిగులుద్ది, అంతే తేడా.

అందుకని రాజీనామా పెట్టే ముందు మీ నాన్నని ఒక మాట అడుగు, అప్పు ఎంతుంది, ఎవరెవరికి అని. తప్పించుకుంటాడు, ఉందిలే రా ఏదో అంటాడు, వదలొద్దు. కాగితం మీద రాయించు. బ్యాంకుకెంత, మందుల కొట్టుకెంత, గుంటూరు మిర్చి యార్డులో మన సరుకు అమ్మిపెట్టే కమిషన్ కొట్టుకెంత. అప్పిచ్చిన కొట్టుకే సరుకు వెయ్యాలి గదా, ఆయన చెప్పిన రేటుకే ఇవ్వాలి, అసలు మనోళ్ళు మునిగేది అక్కడ. బ్యాంకులో పంట రుణం మూడు లక్షల వరకు ఏడాదిలోపు కట్టేస్తే నాలుగు శాతమే పడుద్ది. ఆ గడువుకి చేతిలో డబ్బుల్లేక మీ నాన్న బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పాత రుణం కట్టి, మళ్ళీ కొత్తగా ఇచ్చేలా రెన్యువల్ చేయిస్తాడు, ఒకోసారి గడువు దాటిపోద్ది కూడా. కట్టి మళ్ళీ తీసుకునే ఆ వారం రోజులకి నువ్వు సర్దితే చాలు రా, రెన్యువల్ అవగానే నీ డబ్బు నీకు వచ్చేస్తది. ఉద్యోగం ఉంటేనే గదా ఆ పని చెయ్యగలిగేది.

ఇంకోటి, పొలం ఇంకా మీ తాతయ్య పేరు మీదే ఉంది. దాన్ని మీ నాన్న పేరుకి మార్పించటం, ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-క్రాప్‌లో మన పంట ఎక్కిందో లేదో చూసుకోటం, వేలిముద్ర వేసి కేవైసీ పూర్తి చేయించటం, ఇయ్యన్నీ మీ నాన్నకి తలకాయనొప్పి, వాయిదా వేస్తానే ఉంటాడు. పేరు మారక పీఎం కిసాన్ ఆరు వేలు కూడా రావట్లా. వేలిముద్రకి తప్ప మిగతా దానికి నువ్వు ఊళ్ళో ఉండక్కర్లా, కాగితాలు పట్టుకుని వెంటపడే మనిషి కావాలి. ఇది కూడా వ్యవసాయమే, నా దృష్టిలో మందు కొట్టటం కంటే పెద్ద పని.

నీకు నిజంగా ఊరే కావాలంటే ఊరికి రా, దానికి మిరప వెయ్యక్కర్లా. నెలలో కొన్నాళ్ళు ఇంటి నుంచి పని చేసుకోనిస్తారేమో ఆఫీసులో అడుగు, పై గది ఖాళీగానే ఉంది. మీ అమ్మకి మోకాళ్ళు బాలేదు, అది నీకు చెప్పొద్దంది, నేను చెప్తున్నా.

వ్యవసాయమే చేస్తానంటావా, అయితే పండక్కి కాదు, మార్చిలో రెండు వారాలు లీవు పెట్టి రా. కోతలు జోరుగా ఉంటయ్. కూలోళ్ళతో పాటు వరస పట్టి కొయ్యి. సాయంత్రానికి చేతులు మండిపోతయ్, సబ్బుతో ఎంత కడిగినా పోదు, కొబ్బరి నూనె రాసుకున్నా రాత్రంతా సలుపుతానే ఉంటది, కంట్లో నలక పడ్డా ముట్టుకోలేవు. కల్లంలో కాయ తిరగేసి, రాత్రి మంచు పడకుండా పట్టలు కప్పి అక్కడే పడుకో. కోసిగి, ఆదోని వైపు నుంచి పిల్లల బడి మానిపించి మరీ కోతకొచ్చిన కుటుంబాలు మన ఊరి చివర గుడిసెలేసుకుని ఉంటయ్, వాళ్ళతో కూర్చుని మాట్లాడు, వాళ్ళకీ ఊరి మీద బెంగే అబ్బాయ్. ఆ తర్వాత మీ నాన్నతో పాటు గుంటూరు యార్డుకి లారీ మీద వెళ్ళి రేటు తేలిందాకా టిక్కీల (మిరపకాయల బస్తాల) పక్కనే నిలబడు.

అదంతా అయ్యాక కూడా చేస్తానంటే నా ఎకరం నీకిస్తా, కౌలు తీసుకోను, మొదటేడు అది చాలు. బోరు వేస్తా, వీడియోల్లో చూసిన పంటలు వేస్తా అని దాచుకున్న డబ్బు మాత్రం తియ్యొద్దు.

ముందు ఆదివారం మీ నాన్నకి ఫోన్ చేసి అప్పు సంగతి తేల్చు. నేను చెప్పానని చెప్పు, పర్లేదు. మార్చికి వచ్చేటప్పుడు నిండు చేతుల పాత చొక్కాలు తెచ్చుకో, ఇక్కడ నీకు సరిపోయేయి లేవు.

మీ అత్త